చుక్క చెవి కొన

మేం పట్టి తెచ్చిన ప్రతి కుక్కకూ ఎడమ చెవి కొన కోస్తాం. చిటికెన వేలి గోరంత. మత్తులో ఉండగానే కోస్తారు కాబట్టి దానికి తెలియదు. ఆపరేషన్ అయిన కుక్కని వీధిలో దూరం నుంచే గుర్తుపట్టడానికి, మళ్లీ వల వేసి పట్టకుండా ఉండడానికి ఆ గుర్తు. ఎక్కడ పట్టామో అక్కడే దింపాలన్నది ఇంకో నియమం. ఒక వీధి కుక్కని ఇంకో వీధిలో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. పట్టడం, కడగడం, దింపడం నా పని. తొమ్మిదేళ్ల నుంచి ఇదే చేస్తున్నాను. కోసేదీ కుట్టేదీ డాక్టరమ్మ.

మా ఆసుపత్రి ఒకప్పుడు సిమెంటు గోదాము. ఇప్పటికీ మూలల్లో గట్టిగా ఊడిస్తే బూడిదరంగు పొడి లేస్తుంది. ముందు గదిలో బల్ల, దాని మీద వేలాడే పెద్ద దీపం. వెనక రెండు వరుసల బోన్లు, వరుసకి ఎనిమిది. వీధిలో తిరిగే జంతువులకు ఉచిత వైద్యం అని గుమ్మం మీద రాసి ఉంటుంది. కాలు విరిగిన గాడిదలు వస్తాయి, కళ్లు పుసులు కట్టిన పిల్లికూనలు వస్తాయి, ఎక్కువగా మాత్రం కుక్కలే. డాక్టరమ్మ, కాంపౌండరు, డ్రైవరు, నేను, అంతే మనుషులం. డ్రైవరుని అందరూ రెండో గేరు అంటారు. వెనక ఉన్న కుక్కలు తూలి పడతాయని ఆ గేరు దాటడు. అతనికి మాటలెక్కువ, నాకు తక్కువ. మేమిద్దరం కలిస్తే సరిగ్గా ఒక మనిషి మాట్లాడినంత అవుతుందని అతనే అంటాడు.

నేను ఊరి బడిలో అయిదు దాకా చదివాను. రిజిస్టరులో రాసేది కాంపౌండరు, చెప్పేది నేను. పట్టిన చోటు, రంగు, ఆడో మగో, ఏదైనా ఒక గుర్తు. తర్వాత నంబరు కొట్టిన రేకు బిళ్ల తాడుకి గుచ్చి కుక్క మెడలో కడతాం. బల్ల ఎక్కించే ముందు తాడు విప్పేసి బిళ్లని దాని బోను తలుపుకి తగిలిస్తాం. ఆ బిళ్లలు కళ్లు లేనివాళ్ల కోసమని నేను అంటూ ఉండేవాణ్ణి. తొమ్మిదేళ్లలో ఒక్క కుక్కని కూడా తప్పు చోట దింపలేదు. వీడికి కుక్కల మొహాలే గుర్తుంటాయి, మనుషులవి కాదు అని రెండో గేరు కొత్తవాళ్లకి నన్ను పరిచయం చేసేవాడు. నాకు ఆ మాట బాగుండేది.

మా అక్క బట్టలు కుడుతుంది. ఇంటి ముందు గదే కొట్టు. గుమ్మానికి ఎదురుగా మిషను, గోడకి కొలతల చీటీలు, తాడు మీద కుట్టడం అయిపోయిన జాకెట్లు. అక్క కూతురు, నా మేనకోడలు, ఒక వానాకాలం సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ తడిసిన కుక్కపిల్లని సంచిలో వేసుకొచ్చింది. ఒళ్లంతా గోధుమరంగు, ఎడమ చెవి కొన మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు. అందుకని చుక్క అని పేరు పెట్టింది. ఇంట్లోకి వద్దని అక్క రెండు రోజులు అరిచింది. మూడో రోజు పాత పరుపు గుడ్డ చింపి మిషను కింద తనే పరిచింది.

ఆ పిల్ల పోయి రెండేళ్లయింది. జ్వరం అన్నారు. పదకొండు రోజులు.

నన్ను మూగ మావయ్య అని పిలిచేది. ఆ పిలుపు ఆగిపోయాక అక్క ఇంట్లో నా మూగతనం మరీ పెద్దదైపోయింది. వెళ్లేవాణ్ణి, గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాణ్ణి. అక్క మిషను ఆపేది కాదు. నేను లేచేవాణ్ణి. రానురాను నెలకి ఒకసారి, తర్వాత రెండు నెలలకి ఒకసారి అయింది. వెళ్లినప్పుడల్లా చుక్క మిషను కింద తొక్కుడు పలక పక్కన పడుకుని ఉండేది. పిల్ల చెప్పుల జత అక్కడే ఉండేది. అక్క తీయలేదు. ఆ చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది చుక్క. నేను దాన్ని చూసింది అంతే, బల్ల నీడలో ఒక తెల్ల చెవి కొన.

చుక్క రెండుసార్లు ఈనింది. మొదటిసారి పుట్టిన నాలుగింట్లో రెండు బళ్ల కింద పడ్డాయి, రెండింటిని ఎవరో పట్టుకెళ్లారు. రెండోసారి అయిదు. వారం తిరక్కుండా నెత్తురు విరేచనాలు పట్టుకుని ఒకదాని వెనక ఒకటి పోయాయి. డాక్టరమ్మ స్వయంగా వచ్చి సూదులు వేసింది, నిలవలేదు. చుక్క పాలు కారుతున్న పొట్టతో ఆ మూల చుట్టూ వాసన చూస్తూ తిరిగింది. అంతకుముందు ఏడాది పాటు ఆపరేషన్ మాటెత్తితే అక్క నా మీద మండిపడేది. దాని కడుపు మీద నీకెందుకురా అంత పగ అనేది. ఈసారి తనే ఫోను చేసింది.

"వచ్చి తీసుకెళ్లు. ఇంక నేను చూడలేను," అంది. నేను వెళ్లాక కత్తెర పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "కానీ ఒరే, ఇంకొకళ్ల చేతికి ఇవ్వకు. తీసుకెళ్లేదీ నువ్వే, తెచ్చేదీ నువ్వే."

"నేనే తెస్తానక్కా."

"దానిదంటూ ఇది తప్ప ఇంకేం మిగల్లేదు నాకు."

దానిది అంటే పిల్లది. నేను తలూపాను.

చుక్క నా చేతికి చిక్కలేదు. తాడు కనిపించగానే మిషను కింద నుంచి జారి, పక్కింటి వసారాలో మంచం కిందికి దూరింది. అక్కడి నుంచి గోడ పక్క సందులోకి. వల తెమ్మంటావా అని రెండో గేరు బండిలోంచి అడిగాడు. అక్క వద్దంది. అరుగు మీద కూర్చుని చీర కొంగు ఒళ్లో సర్దుకుని, మామూలుగా పిలిచినట్టే పిలిచింది.

"చుక్కా, రావే తల్లీ."

వచ్చింది. ఒళ్లో తల పెట్టింది. నేను వెనక నుంచి తాడు వేశాను. అప్పుడది నా వంక చూడలేదు. అక్క వంక చూసింది. బండి కదిలే దాకా అక్క తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

అదే రోజు, ఊరికి అటు చివర పెద్ద రోడ్డు పక్కనున్న కలప డిపోలో ఇంకో ఆడకుక్కని పట్టాం. పట్టామని కూడా అనకూడదు. అదే వచ్చి రెండో గేరు చెయ్యి నాకింది. దీన్ని పట్టడానికి వలెందుకు, పలకరిస్తే చాలన్నాడు డిపో కాపలాదారు. అదీ గోధుమరంగే. అదే ఎత్తు, అదే చుట్ట తిరిగిన తోక. పక్కపక్కన నిలబెడితే తోబుట్టువుల్లా ఉన్నాయి. రిజిస్టరు దగ్గర కాంపౌండరు పెన్ను ఆపి, రెండూ ఒక్కలాగే ఉన్నాయి, గట్టి గుర్తు చెప్పమన్నాడు.

ఒకదానికి ఎడమ చెవి కొన తెలుపు, రెండోదానికి లేదు అని చెప్పాను. అతను రాసుకున్నాడు.

రోజూ ఎడమ చెవి కొన కోసే చోట నిలబడి చెప్పాను ఆ మాట. అతనూ అక్కడే కూర్చుని రాశాడు. ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

మర్నాడు రెండింటికీ ఆపరేషన్లు అయిపోయాయి. సాయంత్రం ట్రేలు కడిగేది నేనే. దూది, నెత్తుటి గుడ్డలు, గోరంత చెవి ముక్కలు ఏడెనిమిది. అందులో ఒకటి తెల్లగా ఉంది. చూశాను. చూసి నీళ్లు పోశాను.

మూడో రోజు వెనక వరుస తూము పూడిపోయింది. మురుగు బోన్లలోకి ఎగదన్నింది. కుట్లు తడిస్తే చీము పడుతుంది. గబగబా కుక్కలన్నింటినీ ముందు వరుసలోకి మార్చాను. చోటు చాలక ఆ రెండింటినీ ఒకే బోనులో పెట్టి, వాటి బిళ్లలు రెండూ జేబులో వేసుకున్నాను. తూము బాగుచేసి, బోన్లు కడిగి ఆరబెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక్కొక్కదాన్నీ వెనక్కి తెచ్చి పెట్టాను. ఆఖరికి ఈ రెండూ మిగిలాయి. రెండు గోధుమరంగు కుక్కలు, రెండింటికీ ఎడమ చెవి కోసేసి ఉంది.

అప్పుడైనా డాక్టరమ్మకి చెప్పాల్సింది. అక్కని పిలవాల్సింది. కాంపౌండరు రిజిస్టరు తీయమంటావా అని అడిగాడు కూడా. ఎందుకు, మా ఇంటి కుక్క నాకు తెలియదా అన్నాను.

ఒకటి ఊచల దగ్గరికి వచ్చి తోకాడిస్తోంది. నా వేళ్లు నాకింది. రెండోది గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చుక్కా అని పిలిచాను. ఊచల దగ్గరది ఇంకా గట్టిగా తోకాడించింది. గోడ దగ్గరది చెవి కూడా కదపలేదు. నన్ను ఎరిగింది ఇదే అనుకున్నాను. దాన్ని వేరే బోనులో పెట్టి, చుక్క నంబరు బిళ్ల ఆ తలుపుకి తగిలించాను.

నన్ను ఎరిగినది గోడ వైపు తిరిగింది. ఎరిగింది కాబట్టే తిరిగింది. ఆ సంగతి నాకు ఒక రోజు ఆలస్యంగా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే దింపుడు. దారి ప్రకారం ముందు కలప డిపో. బండి వెనక తలుపు తీశాను. అది దిగలేదు. కింద చేతులు వేసి ఎత్తి దించాను. నిలబడిపోయింది. దుంగల వంక చూసింది, కాపలాదారు వంక చూసింది, నా వంక చూసింది. కాపలాదారు తల గోక్కున్నాడు. మాది ఇంత పొగరుబోతు కాదే, పట్నం వెళ్లి నేర్చుకొచ్చిందా ఏంటి అని నవ్వాడు. మత్తు దిగాక రెండు రోజులు అలాగే ఉంటాయని చెప్పి బండెక్కాను.

రెండో గేరు బండి తిప్పాడు. పక్క అద్దంలో అది కనిపించింది. పరిగెత్తుతోంది. కుట్ల వల్ల వెనక కాళ్లు దగ్గరగా వేస్తూ, ఒక పక్కకి ఒరుగుతూ. రెండో గేరు అటు అద్దంలో చూసి, నీ మీద మనసు పడ్డట్టుంది, ఎక్కించుకోమంటావా అన్నాడు. పద అన్నాను. మలుపు తిరిగేదాకా కనిపించింది. తర్వాత కనిపించలేదు.

అక్క ఆ రోజు ఎవరి బట్టలూ పట్టుకోలేదు. వీధి మొదట్లోనే నిలబడి ఉంది. తలుపు తీయగానే కుక్క దూకింది. నలుగురి కాళ్ల దగ్గరికీ వెళ్లి తోకాడించింది. పక్కింటావిడ, ఎంత మారిందో చూడు, మునుపు మొహం చూపించేది కాదంది. అక్క లోపలికి నడిచింది. కుక్క వెనకే వెళ్లింది. మిషను కింద పరుపు గుడ్డ ఉతికి పరిచి ఉంది, పక్కన చెప్పులు. కుక్క వాసన చూసి, ఒక చెప్పు నోట కరుచుకుని, బయటికి తెచ్చి అరుగు మీద కూర్చుని కొరకడం మొదలుపెట్టింది.

అక్క వంగి దాని నోట్లోంచి చెప్పు మెల్లగా తీసుకుంది. కొంగుతో తుడిచింది.

"ఇది కాదురా," అంది.

"చెవి కోశాం కదక్కా. తెలుపు పోయింది. అందుకని అలా..."

"చెవి కాదురా. ఇది కాదు." వంగి దాని వెనక కాలు పట్టుకుని నాకు చూపించింది. "దానికి ఇక్కడ ఆరో గోరు ఉంటుంది. కుడి కాలికి. ఇన్నేళ్లు చూశావు కదరా."

చూడలేదు. ఒక చెవి కొన చూశాను.

బండి అక్కడే ఉంది. ఎక్కాను. ఆ కుక్కని ఉంచమని గానీ ఎక్కించమని గానీ ఎవరూ అనలేదు, అది అరుగు మీదే ఉండిపోయింది. రెండో గేరు ఆ రోజు నాలుగో గేరు వేశాడు.

డిపోలో లేదు. మీ బండి వెనకే పోయిందయ్యా, ఎంత పిలిచినా ఆగలేదన్నాడు కాపలాదారు. రోడ్డు మీద హోటలు దగ్గరి కుక్కలు తరిమాయట. పెద్ద రోడ్డు దాటడం టైరు కొట్టు అతను చూశాడు. అక్కడి నుంచి ఎవరూ చూడలేదు.

డిపో నుంచి అక్క ఇంటికి పదకొండు కిలోమీటర్లు. మధ్యలో రెండు వంతెనలు, ఒక రైలు గేటు, లెక్కలేనన్ని వీధులు. ప్రతి వీధికీ దాని కుక్కలు. ఆ కుక్కల్లో సగం నేను పట్టి చెవి కోయించినవే. వాటి మధ్య నుంచి రావాలి అది.

డాక్టరమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కుట్లు వేసి మూడో రోజు, పరిగెత్తకూడదు, తడవకూడదు, త్వరగా దొరకాలంది. నీకు సెలవు, బండి తీసుకెళ్లు అంది. మర్నాడు వాన పడింది.

అయిదు రోజులు తిరిగాం. నేనూ రెండో గేరూ ఒక వైపు నుంచి, అక్క ఇంకో వైపు నుంచి. అక్క కొట్టు మూసేసింది. సంచిలో బన్ను ముక్కలు, ఆ చెప్పుల జత పెట్టుకుని నడిచేది. వీధి వీధికీ ఆగి చుక్కా అని పిలిచేది. పిల్లలు వెనకబడి వాళ్లూ పిలిచేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ రెండో కుక్క అరుగు మీద తోకాడిస్తూ ఉండేది. అక్క దానికీ గిన్నెలో పాలు పోసేది. లోపలికి మాత్రం రానివ్వలేదు. నాతో మాట్లాడేది, వెతకాల్సిన వీధుల గురించి. ఇంకో మాట లేదు. ఒకరోజు మాత్రం, డిపో దగ్గర దింపినప్పుడు అది ఎలా ఉందిరా అని అడిగింది. నిలబడింది అన్నాను. అంతే చెప్పాను. అద్దం సంగతి చెప్పలేదు. రెండో గేరు పక్కనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి అతనూ నోరు మెదపలేదు.

ఆరో రోజు పొద్దున రోడ్లు ఊడ్చే ఒకావిడ బండికి చెయ్యి అడ్డం పెట్టింది. రెండో వంతెన దాటాక రోడ్డు కింద వాననీళ్లు పోయే గొట్టం ఉంది, అందులో ఏదో మూలుగుతోంది, నిన్న కూడా విన్నానంది.

గొట్టం మనిషి పాకేంత ఉంది. వంగి చూశాను. లోపల రెండు బారల దూరంలో రెండు కళ్లు. వాసన వచ్చింది. కుట్లు విడిపోయి చీము పట్టిన వాసన, ఆ పని చేసే నాకు వేరేగా చెప్పక్కర్లేదు. చుక్కా అన్నాను. కళ్లు వెనక్కి జరిగాయి. చెయ్యి చాపాను. పళ్లు చూపించి ఇంకా లోపలికి ఈడ్చుకుంది. లేవలేని కుక్క, నాకు అందకుండా ఉండడానికి లేచింది.

నేను పాకితే అటువైపు చివర నుంచి రోడ్డు మీదికి పోతుంది. అటు లారీలు. రెండో గేరుని ఆ చివర నిలబెట్టి అక్కకి ఫోను చేశాను, డాక్టరమ్మకి చేశాను. చుక్క ఎక్కడి దాకా వచ్చిందో అప్పుడు లెక్కేశాను. అక్క ఇంటికి ఇంకా నాలుగు కిలోమీటర్లు మిగిలింది.

అక్క ఆటోలో వచ్చింది. దిగి గట్టు జారుతూ కిందికి వచ్చింది. గొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"నేను పిలిస్తే రాదక్కా. నువ్వు పిలువు," అన్నాను.

అక్క నా వైపు తిరిగింది.

"మళ్లీ నన్నే పిలవమంటావా?"

పైన బళ్లు పోతున్నాయి. గొట్టంలో వాటి చప్పుడు గుండ్రంగా తిరుగుతోంది. అక్క సంచిలోంచి చెప్పులు తీసి గొట్టం అంచున పెట్టింది. అవతలకి జరిగి కూర్చుని చీర కొంగు ఒళ్లో సర్దుకుంది.

"చుక్కా, రావే తల్లీ."

వచ్చింది. ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ, ఆగుతూ. వెలుగులోకి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మెడ మీద, తొడల మీద కాట్లు. చెప్పుల దగ్గర ఆగింది. వాసన చూసింది. వాటిని దాటి వచ్చి అక్క ఒళ్లో తల పెట్టింది. కుడి వెనక కాలికి ఆరో గోరు ఉంది.

ఈసారి దాని వెనక నేను నిలబడలేదు. దూరంగా గట్టు మీద నిలబడ్డాను.

డాక్టరమ్మ సంచితో వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేంత టైము లేదని పొట్ట చూడగానే ఆవిడకి తెలిసింది. అక్కడే సెలైను పెట్టింది. బాటిలు ఎత్తి పట్టుకోమని అక్కకే ఇచ్చింది. ఒక చేత్తో బాటిలు, ఒక చేత్తో దాని తల. డాక్టరమ్మ పుండు కడుగుతూ, ఇవి నేను వేసిన కుట్లే అని ఒకసారి అంది. ఎవరితో అందో తెలియదు. బాటిలు సగం కూడా దిగలేదు. సెలైను చుక్కలు పడడం ఆగింది. డాక్టరమ్మ చెవులకి పెట్టుకున్న స్టెతస్కోపు తీసేసి అక్క చేతిలోంచి బాటిలు తీసుకోబోయింది. అక్క ఇవ్వలేదు. ఇంకాసేపు అలాగే పట్టుకుంది.

మా ఆసుపత్రి వెనక గోడ పక్కన గొయ్యి నేను తవ్వాను. పరుపు గుడ్డలో చుట్టి పెట్టాం. చెప్పులు కూడా అందులో పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది.

రెండో కుక్క ఇంకా అరుగు మీదే ఉంది. దాన్ని దాని చోట దింపాలి. పక్కింటావిడ, ఉంచుకోరాదా అక్కయ్యా, దేవుడు ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చినట్టుంది అంది. అక్క ఆవిడకేసి చూసి, దానికి దాని ఇల్లు లేదా అని లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత నేను బండి తీసుకుని వెళ్లేసరికి గుమ్మానికి తాళం వేసి నిలబడింది. నేనూ వస్తానంది. మా బండి ఎక్కడం అక్కకి అదే మొదటిసారి. ముందు సీట్లో మా ఇద్దరి మధ్య కూర్చుంది. రెండో గేరు మళ్లీ రెండో గేరులోకి వచ్చాడు.

డిపోలో కుక్క తలుపు తీయకముందే కుయ్యికుయ్యిమంది. దూకి దుంగల మీదుగా ఎగిరి కాపలాదారు ఒళ్లంతా తొక్కింది. ఎక్కడికి పోయావే పోకిరీదానా, నీ బదులు ఎవర్నో పొగరుదాన్ని పంపారే అని అతను నవ్వుతూ దాని చెవి చూశాడు. అతనికి తర్వాతి సంగతి తెలియదు. అక్క ఆ కుక్క అతని కాళ్ల చుట్టూ తిరగడం చూస్తూ నిలబడింది. అది మళ్లీ మా వంక చూడలేదు.

బండెక్కాం. రెండో గేరు బండి తిప్పాడు. పక్క అద్దంలో ఖాళీ రోడ్డు కనిపించింది. నేను ఇంక ఉండలేకపోయాను.

"అక్కా, ఆ రోజు అది బండి వెనక పరిగెత్తింది."

అక్క అద్దం వైపు చూసింది.

"అద్దంలో చూశాను," అన్నాను. "చూసి పద అన్నాను."

రెండో గేరు బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి ఆగీ ఆగనట్టు నిలిచింది. అక్క, ఎంత దూరం అని అడిగింది.

"మలుపు దాకా. తర్వాత కనబడలేదు."

అక్క తలుపు తీయమంది. నేను దిగితే తనూ దిగింది. డిపో వైపు చూసింది, మలుపు వైపు చూసింది. తర్వాత రోడ్డు అంచున నడవడం మొదలుపెట్టింది. నేను వెనకే నడిచాను. నా వెనక బండి వచ్చింది, చప్పుడు లేకుండా, అడుగు అడుగుగా. టైరు కొట్టు, హోటలు, దాని ముందు పడుకున్న కుక్కలు నాలుగు. నాలుగింటికీ ఎడమ చెవి కొన లేదు. అక్క వాటి ముందు ఒక్క క్షణం ఆగింది. అవి తలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి.

మలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూసింది. అక్కడి నుంచి డిపో గేటు కనిపించదు.

"ఇంత దూరం వచ్చిందా," అంది. "కుట్లతో."

నేను తలూపాను. అక్క నాకేసి చూడలేదు. ముందుకే నడిచింది. ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉంది ఇల్లు. బండెక్కమని రెండో గేరు అడగలేదు, నేనూ అడగలేదు.